చలికాలంలో పెరటి కోళ్లు గుడ్లు మానకుండా ఏం చెయ్యాలి?



ఈ సంచికలో మన పుస్తకాల్లో లేని ఒక పాఠం రాస్తున్నాము. పుస్తకంలో లేకపోయినా మన అందరి ఇళ్ల పెరట్లో ఉన్న పాఠమే. నెమ్మదిగా చదవండి. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు కావలసిన సంగతులు నోటు పుస్తకంలో ఎక్కించుకోండి.

కార్తీక మాసం దాటిందంటే మన ఊళ్లలో ఒక మాట వినబడుతుంది. "చలి పడ్డాది, కోళ్లు మానేసినాయి" అంటారు. ఆ తర్వాత రెండు పనులు జరుగుతాయి. మొదటిది, ఇంట్లో చంటిపిల్లలకు, బాలింతలకు పెట్టే గుడ్డు ఆగిపోతుంది. రెండోది, "ఈ పెట్ట ముదిరిపోనాది, ఇంక పెట్టదు" అని దాన్ని సంతకు తీసుకుపోయి వచ్చిన ధరకు అమ్మేస్తారు. నిజానికి అలా అమ్మిన పెట్టల్లో చాలా వాటికి వయసు అయిపోలేదు. రెండు నెలలు ఆగితే మళ్లీ గుడ్డు పెట్టేవే. సరిగ్గా చూసుకుంటే ఆ రెండు నెలలు కూడా ఆగనక్కర లేదు. హాస్టల్లో మనకు గుడ్డు పెడుతున్నారు. ఇంటి దగ్గర మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పెరటి కోడే ఆధారం. అందుకే ఈ పాఠం.

1. కోడికి ఋతువు ఎలా తెలుస్తుంది?

మన ఇంటి కోడి పూర్వీకురాలు ఎర్ర అడవి కోడి. మన తూర్పు కనుమల అడవుల్లో అది ఇప్పటికీ తిరుగుతోంది. అడవి కోడి ఏడాది పొడుగునా గుడ్లు పెట్టదు. పిల్లలు పుట్టే వేళకు పురుగు, గింజ, లేత గడ్డి దొరకాలి కదా! చలిలో పుడితే పిల్లలు బతకవు. కాబట్టి పగలు పెరిగే రోజుల్లో గుడ్లు పెట్టి, పగలు తగ్గే రోజుల్లో ఆపడం దాని అలవాటు. మన పెరటి కోడికి కూడా ఆ అలవాటు కొంత మిగిలే ఉంది.

కోడి పగటి పొడుగును కంటితోనే కాదు, తలతో కూడా కొలుస్తుంది. వెలుతురు దాని పలచటి పుర్రె గుండా మెదడు లోపలికి పోతుంది. అక్కడ వెలుతురును గుర్తుపట్టే కణాలు ఉన్నాయి. పగలు పొడుగ్గా ఉంటే మెదడు నుంచి పీయూష గ్రంథికి కబురు పోతుంది. పీయూష గ్రంథి హార్మోన్లను విడుదల చేస్తుంది. ఆ హార్మోన్లు అండాశయాన్ని పని చేయిస్తాయి. పగలు తగ్గితే కబురు తగ్గుతుంది, గుడ్లూ తగ్గుతాయి.

గుడ్లు బాగా పెట్టాలంటే కోడికి రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. మన పాడేరు ప్రాంతంలో జూన్ నెలలో పగలు 13 గంటల పైన ఉంటుంది. డిసెంబరు 21 ప్రాంతంలో సుమారు 11 గంటలే. తేడా రెండు గంటలు. లండన్ లాంటి చోట్ల డిసెంబరులో పగలు సుమారు 8 గంటలే. వాళ్లతో పోలిస్తే మనకు కష్టం తక్కువే. కాని ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. పొగమంచు ఉందని మనం గూడు తలుపు 8 గంటలకు తీస్తాము. సాయంత్రం 5 గంటలకే గంప కింద కప్పేస్తాము. గూటిలో కిటికీ లేకపోతే లోపలంతా చీకటి. అంటే బయట 11 గంటల పగలు ఉన్నా మన కోడికి దొరికింది 9 గంటలే! మిగిలిన రెండు గంటలు మనమే పోగొట్టాము.

2. ఒక గుడ్డు తయారు కావడానికి ఏమేం కావాలి?

కోడికి అండాశయాలు రెండు ఉండాలి గాని, పని చేసేది ఎడమ వైపుది ఒక్కటే. అందులో పచ్చసొనలు ద్రాక్ష గుత్తిలా చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఒక్కో పచ్చసొన చివరి వారం పది రోజుల్లో గబగబా పెరుగుతుంది. పండిన సొన అండవాహికలోకి జారుతుంది. అక్కడ దాని చుట్టూ తెల్లసొన చేరడానికి సుమారు 3 గంటలు, పొర పట్టడానికి గంట పైన, పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది. మొత్తం 25 గంటల పని. రోజుకు 24 గంటలే కాబట్టి కోడి ఈరోజు కంటే రేపు కొంచెం ఆలస్యంగా పెడుతుంది. అలా జరిగి జరిగి పొద్దు పోయే వేళ దగ్గరకు వచ్చాక ఒక రోజు మానేసి, మళ్లీ ఉదయం నుంచి మొదలుపెడుతుంది. మధ్యలో ఒక రోజు గుడ్డు రాకపోతే కంగారు పడకూడదు.

50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే. పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఇదంతా కోడి తిన్న దాని నుంచే రావాలి, ఆకాశం నుంచి ఊడిపడదు. తన ఒళ్లు నిలుపుకోగా మిగిలినదే గుడ్డుకు పోతుంది.

ఇందులోంచి ఇంకో సంగతి తెలుసుకోవాలి. పచ్చసొన పెరగడానికే పది రోజులు పడుతుంది. కాబట్టి మనం ఈరోజు మంచి మేత పెట్టి రేపు గుడ్డు కోసం గూటిలో చెయ్యి పెడితే లాభం లేదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

3. చలికాలంలో గుడ్లు ఆగడానికి కారణాలు

(అ) పగలు తగ్గడం. ఇది పైన చెప్పుకున్నాము.

(ఆ) చలి. మన ఒంటి వేడి 37 డిగ్రీలయితే కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో 5 డిగ్రీల కిందికి దిగే రోజులు ఉన్నాయి. అలాంటి రాత్రి ఒళ్లు వేడిగా ఉంచుకోవడానికే కోడి తిన్న తిండిలో చాలా భాగం ఖర్చయిపోతుంది. మనం చలిమంట కోసం కట్టెలు ఎక్కువ కాలుస్తాము కదా, కోడి గింజలను కాలుస్తుంది.

(ఇ) పురుగు దొరకకపోవడం. వానాకాలంలో చెదలు, మిడతలు, వానపాములు దండిగా దొరుకుతాయి. చలికాలంలో నేల గట్టిపడి పురుగు లోపలికి పోతుంది. కోత రోజుల్లో కళ్లంలో గింజ దొరుకుతుంది కాబట్టి కోడి కడుపు నిండినట్టే కనబడుతుంది. కాని గింజలో మాంసకృత్తులు తక్కువ. కడుపు నిండినా గుడ్డుకు కావలసినది అందడం లేదు.

(ఈ) ఈకలు రాల్చడం. ఏడాది దాటిన కోడి పగలు తగ్గే రోజుల్లో పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తులే. ఈకలు వేసుకునే రెండు మూడు నెలలు చాలా కోళ్లు గుడ్లు ఆపుతాయి. అది రోగం కాదు. బోసి మెడ, ఊడిన తోక చూసి రోగమని భయపడి కోసెయ్యకూడదు.

(ఉ) పొదుగు. మన నాటు పెట్ట 10 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదుగు, ఆ తర్వాత రెండు మూడు నెలలు పిల్లల్ని తిప్పడం. అంతకాలం గుడ్డు ఉండదు. అందుకే నాటు కోడి ఏడాదికి 40 నుంచి 60 గుడ్ల దగ్గరే ఆగుతుంది.

(ఊ) పేలు, నులిపురుగులు, రోగాలు, నిజంగానే వయసు మీరడం. ఇవి ఏ కాలంలోనైనా ఉంటాయి.

4. అమ్మే ముందు ఈ పరీక్ష చెయ్యండి

సంతకు తీసుకుపోయే ముందు పెట్టను నెమ్మదిగా పట్టుకుని చూడాలి.

ముందుగా జుట్టు, అంటే తలమీది ఎర్ర తురాయి చూడండి. ఎర్రగా, మెత్తగా, నిండుగా ఉంటే గుడ్లు పెడుతున్నట్టు. పాలిపోయి ముడుచుకుని ఉంటే ఇప్పుడు పెట్టడం లేదన్నమాట.

తర్వాత గుడ్డు వచ్చే ద్వారం చూడండి. వెడల్పుగా, తడిగా ఉంటే పెడుతోంది. చిన్నగా, పొడిగా, ముడుచుకుపోయి ఉంటే లేదు.

మూడోది వేళ్ల లెక్క. ద్వారానికి రెండు వైపులా సన్నటి ఎముకల కొనలు చేతికి తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెట్టే కోడి. ఒక్క వేలే పడితే ప్రస్తుతం ఆపిన కోడి.

ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించండి. ఒక్క వేలే పట్టినా, మెడ దగ్గర కొత్త ఈకలు ముళ్లలా మొలుస్తూ ఉంటే ఆ పెట్ట ఈకలు మారుస్తోందని అర్థం. దాన్ని ఉంచుకోవాలి. రొమ్ము ఎముక కత్తిలా పైకి తేలి ఉంటే తిండి చాలకో, కడుపులో పురుగులుండో చిక్కిపోయింది. దానికి మందు, మేత కావాలి. మూడు నాలుగేళ్లు దాటి, ఈకలు బాగానే ఉండి, ఒళ్లు కొవ్వు పట్టి, ఎముకలు దగ్గరపడి ఉన్న కోడి అయితే దాన్ని అమ్ముకోవచ్చు. ఈ పరీక్ష ఐదు నిమిషాల పని. దీనితో ఒక మంచి పెట్ట మిగులుతుంది.

5. చెయ్యవలసిన పనులు

గూడు

కోడి చలిని తట్టుకుంటుంది. చలితో పాటు తడి, ఈదురుగాలి కలిస్తే తట్టుకోలేదు. కాబట్టి గూటిలో మూడు సంగతులు చూడాలి. నేల పొడిగా ఉండాలి, గాలి నేరుగా కోడి మీదికి కొట్టకూడదు, చెడ్డగాలి పైనుంచి పోవాలి.

వెదురు గూడు అయితే నేల నుంచి రెండడుగుల ఎత్తులో కట్టుకోండి. గాలి వచ్చే వైపు రాత్రిపూట గోనె సంచి కట్టండి. పైన జానెడు ఖాళీ తప్పకుండా వదలాలి. అన్ని వైపులా బిగించేస్తే రెట్ట ఘాటు లోపలే నిలిచి కోళ్ల కళ్లు మండుతాయి, ఊపిరికి జబ్బు పడతాయి. పొద్దున్నే తలుపు తీయగానే మన ముక్కుకు ఘాటు తగిలితే గాలి చాలడం లేదని గుర్తు.

మట్టి నేల అయితే మూడు నాలుగు అంగుళాల మందంగా ఊక పరచండి. రెండు మూడు రోజులకొకసారి కర్రతో తిరగెయ్యండి. తడిసిన చోట తీసేసి కొత్తది వెయ్యండి. తీసిన ఊక కూరగాయల మళ్లకు మంచి ఎరువు.

కోడి నేల మీద పడుకోకూడదు. రెండంగుళాల వెడల్పున్న కర్ర దూలంలా కడితే దాని మీద కూర్చుని, కడుపు ఈకలతో కాళ్లు కప్పుకుంటుంది. ఒక్కో కోడికి కర్ర మీద ఎనిమిది అంగుళాల చోటు, గూటిలో రెండు చదరపు అడుగుల చోటు ఉండాలి. పక్కపక్కన కూర్చుంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది.

హెచ్చరిక: చలి ఎక్కువగా ఉందని మూసిన గూటిలో బొగ్గుల కుంపటి పెట్టకూడదు. దాని విషవాయువుకు కోళ్లు తెల్లారేసరికి చచ్చిపోతాయి. పూరి గూడు అయితే నిప్పు భయం కూడా ఉంది.

వెలుతురు

ఖర్చు లేని పని ముందు చెయ్యండి. తెల్లవారగానే తలుపు తియ్యండి. నక్క, అడవిపిల్లి, ముంగిస భయం ఉంటే గూటి ముందు చిన్న వెదురు దడి కట్టి అందులోకి వదలండి. ఎండ పడే తూర్పు వైపు గూటికి సందు పెట్టండి. లోపలి గోడకు సున్నం వేస్తే వెలుతురు పెరుగుతుంది, పురుగూ తగ్గుతుంది.

కరెంటు ఉన్న ఇంట్లో 5 వాట్ల ఎల్ఇడి బల్బు ఒకటి చాలు. పది పన్నెండు కోళ్ల గూటిలో పేపరు అక్షరాలు కనబడేంత వెలుతురు ఉంటే సరిపోతుంది. బల్బును సాయంత్రం కంటే తెల్లవారుజామున వెయ్యడం మంచిది. సాయంత్రం వేస్తే ఆర్పగానే ఒక్కసారి చీకటి పడి, కోళ్లు కర్ర ఎక్కలేక నేల మీదే ఉండిపోతాయి. తెల్లవారుజామున వేస్తే సూర్యుడు వచ్చి కలుస్తాడు. మొదటి వారం అరగంట, రెండో వారం గంట, అలా పెంచుకుంటూ పోయి 4 గంటలకు వెయ్యండి. సాయంత్రం మసక వెలుతురు 6 గంటల దాకా ఉంటుంది కాబట్టి 14 గంటలు పూర్తి అవుతాయి. ఒక రోజు వేసి ఒక రోజు మానకూడదు. మధ్యలో ఆపితే కోడి ఈకలు రాల్చి మొదటికి వస్తుంది.

ఖర్చు లెక్క చూడండి. 5 వాట్ల బల్బు రోజుకు 2 గంటలు వెలిగితే 10 వాట్ అవర్లు. 100 రోజులకు 1000 వాట్ అవర్లు. అంటే చలికాలమంతా కలిపి ఒక్క యూనిట్!

అయిదు నెలల లోపు పడ్డలకు ఈ దీపం వద్దు. ఒళ్లు ఎదగక ముందే గుడ్డుకు వస్తే గుడ్డు చిన్నది, కోడికీ ప్రమాదం. ఈకలు మారుస్తున్న ముసలి కోడిని కూడా తొందరపెట్టకుండా ఈకలు పూర్తిగా వచ్చే దాకా విశ్రాంతి ఇవ్వడం మంచిది.

మేత

మన దగ్గర దొరికే వాటితోనే 10 కిలోల దాణా ఇలా కలుపుకోవచ్చు.

చోళ్లు, సామలు, మొక్కజొన్న నూక, బియ్యం నూకల్లో ఏవైనా: 5 కిలోలు
తవుడు: 2 కిలోలు
వలిసె చెక్క లేక వేరుశనగ చెక్క: 2 కిలోల 500 గ్రాములు
ఎండు చేపల పొడి: 500 గ్రాములు

సంతలో దొరికే ఎండు చేపలు ఉప్పు వేసినవి. కాబట్టి నీళ్లలో కడిగి, మళ్లీ ఎండబెట్టి దంచాలి. ఉప్పు ఎక్కువైతే కోడి చచ్చిపోతుంది. ఈ దాణాలో వేరే ఉప్పు కలపవద్దు.

బయట తిరిగే నాటు పెట్టకు రోజుకు 50 నుంచి 60 గ్రాములు, అంటే ఇంచుమించు పెద్ద చారెడు చాలు. సగం పొద్దున్న పెట్టండి. మిగతా సగంతో పాటు సాయంత్రం గూటికి చేర్చే ముందు గుప్పెడు ముడి గింజలు చల్లండి. కోడి గింజను పొట్టలో దాచుకుని రాత్రంతా కొంచెం కొంచెంగా అరిగించుకుంటుంది. ఆ అరుగుదలలో పుట్టే వేడి చలికి పనికివస్తుంది.

పెంకు రాత్రిపూట కడుతుంది కాబట్టి సాయంత్రం సున్నపు పదార్థం అందాలి. నత్తగుల్లలు, గుడ్డు పెంకులు పెనం మీద వేడి చేసి, నలగ్గొట్టి వేరే చిప్పలో పెట్టండి. కావలసినంత అదే తింటుంది. గుడ్డు పెంకులు గుర్తుపట్టకుండా నలగ్గొట్టాలి. లేకపోతే కోడికి తన గుడ్డే పొడుచుకు తినే అలవాటు పడుతుంది. తోలు గుడ్డు పెట్టిందంటే సున్నం చాలడం లేదని తెలుసుకోండి.

ఆకుకూర కోసం మునగాకు, తోటకూర కట్ట కట్టి వేలాడదీయండి. ఎగిరి పొడుచుకుంటాయి, ఒంటికి కసరత్తు. పురుగు కోసం ఒక సులువైన పద్ధతి ఉంది. పాత కుండలో గడ్డి, ఎండు పేడ, చిరిగిన గోనె ముక్క కూరి, కొద్దిగా నీళ్లు చల్లి, చెదలు తిరిగే చోట బోర్లించి పెట్టండి. రెండు రోజుల్లో చెదలు పడతాయి. కుండ ఎత్తి కోళ్ల ముందు దులపండి. చలి మరీ ఎక్కువైతే చెదలు ఆలస్యంగా పడతాయి, కాబట్టి ఎండ తగిలే పక్క పెట్టాలి.

మన మన్యంలో రాజ్మా పండుతుంది. పచ్చి రాజ్మా గింజలు కోళ్లకు వెయ్యకూడదు. అందులో విషపదార్థం ఉంది, బాగా ఉడికితేనే పోతుంది. అలాగే బూజు పట్టిన మొక్కజొన్న, బూజు పట్టిన చెక్క ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆ బూజు కాలేయాన్ని పాడు చేస్తుంది.

నీరు

చాలామంది మరిచిపోయేది ఇదే. గుడ్డులో ఎక్కువ భాగం నీరు అని చెప్పుకున్నాము. గుడ్లు పెట్టే కోడి రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది. మంచు పడ్డ పొద్దున్న మట్టి చిప్పలో నీళ్లు ముట్టుకోలేనంత చల్లగా ఉంటాయి. కోడి ఒక గుక్క తాగి పోతుంది. రాత్రి నీళ్లు పారబోసి, పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు పోస్తే బాగా తాగుతుంది, మేత కూడా బాగా తింటుంది. పొయ్యి మీద ఎలాగూ నీళ్లు కాగుతాయి. ఒక చెంబెడు కోళ్లకు ఇస్తే చాలు.

పొదుగు మాన్పించడం

డిసెంబరులో పిల్లల్ని తీయించవద్దు. చలికి సగం పిల్లలు కూడా దక్కవు. ఆ గుడ్లు తినండి, అమ్ముకోండి. పొదుగుకు కూర్చున్న పెట్టను మన పెద్దవాళ్లు చన్నీళ్లలో ముంచుతారు. ఎండాకాలం సరే గాని, చలికాలంలో అలా ముంచితే జబ్బు పడుతుంది. దానికి బదులు అడుగున గాలి ఆడే వెదురు బుట్టను ఎత్తు మీద పెట్టి, గడ్డి ఏమీ వెయ్యకుండా అందులో మూడు నాలుగు రోజులు ఉంచండి. మేత, నీళ్లు మామూలుగా ఇవ్వాలి. కడుపుకు వెచ్చదనం తగలకపోతే పొదుగు కోరిక పోతుంది. ఎంత తొందరగా పట్టుకుంటే అంత తొందరగా మానుతుంది. కాబట్టి రోజూ రెండుసార్లు గుడ్లు తీసెయ్యండి. గూటిలో గుడ్లు పోగైతే కోడికి కూర్చోవాలనిపిస్తుంది.

పిల్లలు కావలసిన కాలంలో ఇంకొక ఉపాయం. రెండు పెట్టల్ని ఒకే రోజు పొదుగు వెయ్యండి. పిల్లలు లేచిన రాత్రి, అన్నిటినీ ఒక తల్లి కింద పెట్టండి. రెండో పెట్ట ఖాళీ అయి ముందుగా గుడ్లకు వస్తుంది.

పేలు, పురుగులు, రోగాలు

చలికాలంలో కోళ్లు గూటిలో ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి పేలు, నల్లులు ముదురుతాయి. రాత్రంతా రక్తం పీలిస్తే గుడ్డుకు ఏం మిగులుతుంది? ఎండ పడే చోట గుంట తీసి పొయ్యి బూడిద, సన్న ఇసుక కలిపి పొయ్యండి. కోళ్లు అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. కర్రల సందుల్లో వేడినీళ్లు పొయ్యండి. నులిపురుగులకు మూడు నెలలకొకసారి పశువైద్యశాలలో మందు అడిగి వెయ్యాలి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు కొక్కెర తెగులు. దీన్నే రాణీఖేత్ అంటారు. 1920ల చివర్లో మన దేశంలో హిమాలయాల దగ్గరి రాణీఖేత్ ఊళ్లో గుర్తించడం వల్ల ఆ పేరు వచ్చింది. పచ్చటి పారుడు, నోరు తెరిచి గురక, మెడ తిరిగిపోవడం దీని గుర్తులు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లో లేక ముక్కులో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్‌టూబీ సూది. గుడ్లకు రాకముందే ఇవి పూర్తి కావాలి.

టీకా దగ్గర మన ఊళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఒక సీసాలో వంద కోళ్లకు, అంతకు మించి సరిపడే మందు వస్తుంది. కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, అంతసేపూ మంచు మీద ఉంచాలి. ఆరు కోళ్లున్న ఇంటికి ఒక్కరికే సీసా విప్పరు. కాబట్టి ఊరంతా ఒకే రోజు మాట్లాడుకోవాలి. తెల్లవారుజామున గూళ్లు తెరవక ముందు ఇంటింటికీ వెళితే ఒక్క కోడి కూడా తప్పిపోదు. ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు ఉన్నాయో లెక్క రాసి పశువైద్యశాలకు ఇవ్వడం మనలాంటి చదువుకునే పిల్లలు చెయ్యగల పని.

ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే ముట్టుకోవద్దు, కోసి తినవద్దు, సంతకు పంపవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలిసిందే. వెంటనే పశువైద్యశాలకు కబురు చెయ్యాలి.

6. ఏ నెలలో ఏ పని?

మార్చి, ఏప్రిల్: పిల్లలు తీయించండి. ఆ పడ్డలు అక్టోబరు, నవంబరు నాటికి మొదటి గుడ్డుకు వస్తాయి. మొదటి ఏడు పడ్డ సాధారణంగా చలికాలంలో ఈకలు రాల్చదు, గుడ్లు పెడుతుంది. కాబట్టి ఇంట్లో కొన్ని పడ్డలు, కొన్ని పెద్ద పెట్టలు కలిపి ఉంచుకోవాలి.

సెప్టెంబరు: నులిపురుగు మందు, టీకాల లెక్క.

అక్టోబరు: దసరా సెలవులు మనవే. గూడు బాగుచెయ్యడం, కర్ర కట్టడం, ఊక పరచడం, గోడకు సున్నం.

నవంబరు: దాణా మొదలు. కరెంటు ఉంటే దీపం మొదలు.

డిసెంబరు, జనవరి: గోరువెచ్చని నీళ్లు, సాయంత్రం గింజ, నత్తగుల్ల. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు గుడ్ల లెక్క చూసుకోండి.

ఫిబ్రవరి: పగలు పెరుగుతుంది. దీపం కొంచెం కొంచెం తగ్గించవచ్చు. మంచి పెట్టను పొదుగు వెయ్యవచ్చు.

7. కొత్త జాతుల సంగతి

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వారు వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్లను తయారుచేశారు. వనరాజా ఏడాదికి వంద గుడ్ల దాకా, గ్రామప్రియ బాగా చూసుకుంటే నూటయాభై దాకా పెడతాయి. ఇవి పొదగవు. మన నాటు పెట్ట గుడ్లు తక్కువ పెట్టినా, పొదుగుతుంది, పిల్లల్ని కాస్తుంది, గద్ద నీడ పడితే పిలిచి దాస్తుంది. కొత్త పెట్ట గుడ్లను నాటు పెట్ట కింద పొదిగించే ఇళ్లు ఉన్నాయి. రెండూ ఉంటే మంచిది. కాని కొత్త జాతికి మేత ఇంకా ఎక్కువ కావాలి. మేత పెట్టలేని ఇంట్లో దాని గుడ్లు కూడా నాటు కోడి లెక్కకే దిగిపోతాయి.

8. మన హాస్టల్‌కు ఒక విన్నపం

మన వంటశాల వెనక రోజూ కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం పారబోస్తున్నాము. వార్డెన్ గారు ఒప్పుకుంటే పది పెట్టల గూడు పెట్టి తొమ్మిదో తరగతి వారు వంతుల వారీగా చూసుకోగలరు. పడక గదులకు, బావికి దూరంగా ఉండాలి. సాంబారు, పచ్చడి కలిసిన అన్నం వెయ్యకూడదు, ఉప్పు కారం ఎక్కువ. రోజూ గుడ్ల లెక్క, మేత లెక్క రాస్తే లెక్కల పాఠానికీ, జీవశాస్త్రానికీ పనికివస్తుంది. గుడ్లు వచ్చినన్ని వస్తాయి. పని నేర్చుకుని ఇంటికి పోవడం దానికంటే పెద్ద లాభం.

ప్రశ్నలు

1. ఒక నాటు పెట్ట 16 రోజుల్లో 12 గుడ్లు పెట్టి, 21 రోజులు పొదిగి, 75 రోజులు పిల్లల్ని తిప్పింది. ఇలా తిరిగితే ఏడాదికి ఎన్ని గుడ్లు?
2. తెల్లవారుజామున దీపం వెయ్యడం సాయంత్రం కంటే ఎందుకు మంచిది?
3. కళ్లంలో కడుపు నిండా గింజ తిన్న కోడి గుడ్లెందుకు పెట్టలేదు?
4. మీ ఇంట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పడ్డలు? కిందటి జనవరిలో ఎన్ని గుడ్లు వచ్చాయి? అమ్మనూ అమ్మమ్మనూ అడిగి రాయండి.

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పక్కనున్న పెట్టెలో వెయ్యండి. నాలుగో ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ కలిపి ఊరి వారీగా పట్టిక చేసి వచ్చే సంచికలో అంటిస్తాము.

— తొమ్మిదో తరగతి, గోడపత్రిక బృందం